పిల్లి నోటి కంపు – దంతరక్షణము



క్రిందటి మాసమున పాడిపశువుల గిట్టలను గూర్చి వ్రాసితిమి. అది చదివి దుమ్ముగూడెము ప్రాంతమునుండి యొక సోదరి మాకొక లేఖ వ్రాసిరి. "మా పిల్లి నోరు భరింపరాని కంపు కొట్టుచున్నది. పిల్లలు దానిని విడువరు. మావారు దానిని గంపలో పెట్టి గోదావరి యవతల విడిచి రావలయునని పట్టుపట్టుచున్నారు. దీనికేమైన మందు గలదా?" అని వారి ప్రశ్న. ఆ లేఖ చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. ఏలయన, మూడేండ్ల క్రిందట మా యింటను ఇట్టి మాటయే పుట్టినది, పుట్టించినవారము మేమే. కావున నీ మాసమున మందుల మాటకు ముందు మా తప్పును చెప్పుకొందుము.

మేము బాల్యమున తండ్రిగారి యొద్ద అమరకోశము వల్లించినవారము. అందు పిల్లికి చెప్పిన పేర్లలో రెండింటిని ఈ విషయమున స్మరింపవలయును. ఒకటి మార్జారము. మృజ ధాతువునకు తుడుచుట, శుద్ధి చేయుట యని యర్థము. తన మేనిని తాను నాకి శుభ్రపఱచుకొనునది గావున దానికా పేరు. రెండవది వృషదంశకము. వృషమనగా నిచ్చట ఎలుక. ఎలుకను కఱచునది యని యర్థము. తన్ను తాను శుద్ధి చేసికొనుట, ఎలుకను పట్టుట – పిల్లికి గల యీ రెండు పనులును దాని నోటియందే యున్నవి. నోరు చెడినచో పిల్లికి రెండు పేర్లును పోవును. ఆనాడు శ్లోకము నోటికి వచ్చినదే గాని యీ సంగతి మా బుద్ధికి తట్టలేదు.

మా యూరు ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమ, చేలు ముగిసి యడవి మొదలగు చోట నున్నది. వడ్లు, మొక్కజొన్నలు ఇల్లు చేరు దినములలో ఎలుకల కాపురము మా కాపురముకంటె పెద్దదగును. ఎలుకల వెంట పాములు వచ్చును. కావున నిచ్చట పిల్లిని ముచ్చటకు పెంచుట కాదు. అది యింటి కావలి. మా యింట గౌరి యను తెల్లని పిల్లి గలదు. దానికి ఆఱేండ్లు వచ్చిన పిదప నోటినుండి కంపు మొదలైనది. మొదట అది ఒడిలోనికి వచ్చి యావులించినప్పుడు మాత్రమే తెలిసెడిది. చచ్చిన తొండనో, కుళ్ళిన చేప తలనో తిని యుండుననుకొంటిమి. మా అత్తగారు నవ్వి, "పిల్లి నోట పిల్లి కంపే వచ్చును గాని మల్లెపూల వాసన వచ్చునా, అమ్మాయీ?" అనిరి. ఆ మాట మాకును సబబుగనే తోచినది.

నెలలు గడచినకొలది కంపు హెచ్చినది. మొదట గౌరిని వంటయింటికి రానీయమైతిమి. తరువాత పడకగదికి, పిదప నడవలోనికి. తుదకు దాని పళ్ళెమును తీసి నూతిగట్టు ప్రక్కన పెట్టితిమి. అది పుష్యమాసము. అడవి యంచున ఆ మాసపు చలి యెట్టిదో యీ ప్రాంతపు సోదరీమణులకు చెప్పనక్కఱలేదు. తెల్లవాఱి లేచి చూచినప్పుడెల్ల గౌరి తలుపు సందున ముడుచుకొని యుండెడిది. తెల్లని బొచ్చు మాసి యుండలు కట్టినది. ముసలిదగుచున్న కొలది సోమరియైనది గాబోలునని మేమనుకొంటిమి.

ఒకనాటి సాయంకాలమున ఎనిమిదేండ్ల మా చిన్నది వచ్చి, "అమ్మా! గౌరి అన్నముమీద కోపపడుచున్నది" అనినది. అది పిల్లల మాట యనుకొని మొదట లక్ష్యపెట్టలేదు. చేయి పట్టి లాగికొనిపోగా పోయి చూచితిమి. గౌరి ఆకలితో పళ్ళెము దగ్గఱకు ఉఱికినది. ఒక ముద్ద నోట పెట్టుకొన్నది. వెంటనే ముద్ద విడిచి వెనుకకు గెంతి, ఆ పళ్ళెమును చూచి బుస్సుమన్నది. ముంగాలితో దౌడను రుద్దుకొన్నది. మరల ముందుకు వచ్చినది. మరల వెనుకకు పోయినది. ఆకలికిని బాధకును నడుమ ఆ ప్రాణి కొట్టుకొనుచుండుటను మా చిన్నది పలుదినములుగా చూచుచున్నది. మేము చూడలేదు. కంపు వచ్చుచున్నదని ముక్కు మూసికొన్నవారము, కంపెందుకు వచ్చుచున్నదో కన్ను తెఱచి చూడమైతిమి.

మఱునాడు ఎండవేళ పెదవి యెత్తి చూడగా చిగుళ్ళు దాసానిపూవువలె ఎఱ్ఱబడి యుండెను. దౌడపండ్లపై పసుపుపచ్చని గార, దాని యంచున గోధుమవన్నె గార కట్టి యుండెను. ఒక పంటి మొదట చిగురు పంటిలోనికి ప్రాకినట్లు కనబడెను. మేము తొందరపడి లవంగనూనె సీసా చేతికి తీసికొంటిమి; మన పంటినొప్పికి మనము చేయు పని యదియే గదా! మావారు మాత్రము ఫోనునందు పశువైద్యుల నడిగి గాని వేయరాదనిరి. ఆ వైద్యులు వెంటనే, "అమ్మా! అది వేయకుడు. అది పిల్లికి విషము" అనిరి. ఆ సీసాను చేతినుండి దించిన క్షణమును తలచుకొన్న నేటికిని మాకు ఒడలు జలదరించును. ఎందుకో ముందు చెప్పెదము.

మండలపు పశువైద్యులు గౌరిని చూచి, ఇది గారతో కూడిన చిగుళ్ళ రోగమనియు, కొన్ని పండ్లు లోలోపల కరగిపోవుచున్నవనియు, తమయొద్ద ఆవులకు మేకలకు వలసిన సాధనములే గాని పిల్లి పండ్లు తీయు సాధనములు లేవనియు చెప్పి, నొప్పి తగ్గుటకు పిల్లికి తగిన మందిచ్చి, పట్టణమునకు పంపిరి. వెదురుబుట్టలో పాతచీర పఱచి, పైన గుడ్డ కట్టి, బస్సులో కొనిపోయితిమి. అచ్చట మత్తు ఇచ్చి, ఎక్సురే తీసి, ఏడు పండ్లు తీసివేసి, తక్కినవాటికి గార గీచిరి. "ఇది నిన్నటి నొప్పి కాదమ్మా, నెలలనాటిది" అని ఆ డాక్టరమ్మ చెప్పినప్పుడు మాకు మాట రాలేదు. ఆ నెలలలోనే గదా దానిని నూతిగట్టుకు తోలితిమి!

ఏడు పండ్లు పోయిన పిల్లి యెట్లు తినునని మా అత్తగారు దుఃఖించిరి. మూడవనాడే గౌరి మెత్తని తిండి తిన్నది. పదునైదు దినములు కాకమునుపే ఎండలో కూర్చుండి తన వీపును, తోకను, పాదములను ఒక్కొక్కటిగా నాకుకొని తెల్లబఱచుకొన్నది. అది సోమరి కాలేదు. నాలుక కదలించినచో నొప్పి కలుగుటచే నాకుకొనుట మానినది. అంతే.

ఇక మన సోదరీమణులు తెలిసికొనవలసిన సంగతులను వరుసగా చెప్పెదము.

పిల్లికూనకు పాలపండ్లు ఇరువదియాఱు. అవి మూడవ వారమున మొదలై రెండు నెలల లోపల వచ్చును. మూడు నాలుగు నెలల వయస్సునుండి అవి యూడి, ఆఱేడు నెలలకు శాశ్వతదంతములు వచ్చును. ఇవి ముప్పది: పైదౌడను పదునాఱు, క్రిందిదౌడను పదునాలుగు. ముందరి చిన్నపండ్లు పండ్రెండు, కోఱలు నాలుగు, తక్కినవి దౌడపండ్లు. మన దంతములు ముప్పదిరెండనుకొన్న లెక్కలో పెద్ద భేదము లేదు గాని పనిలో చాల భేదము గలదు. మన దౌడపండ్లు తిరుగలివంటివి. పిల్లి దౌడపండ్లు కత్తెరవంటివి. పిల్లి నమలి పిండి చేయదు, కోసి మ్రింగును. అందుచేతనే పండ్లు తీసివేసిన పిల్లియు మెత్తని తిండితో సుఖముగా బ్రదుకగలదు. నొప్పించు పండ్లకంటె లేని పండ్లు మేలు.

పిల్లి పంటికి రోగము వచ్చు క్రమ మిది. తిన్న పిదప పంటిమీద పాచి పట్టును. పాచియనగా సూక్ష్మజీవుల పొఱ. దానిని తీయనిచో లాలాజలములోని లవణములతో కలసి కొన్ని దినములలోనే రాయివలె గట్టిపడును. దీనినే మన వైద్యగ్రంథములలో దంతశర్కర యనిరి. సుశ్రుతుడు దీనిని దంతరోగములలో చేర్చినాడు. లాలాజలపు నాళము పై దౌడపండ్ల దగ్గఱ తెఱచుకొనుటచే అచ్చటనే గార హెచ్చుగా కట్టును. గార చిగురును ఒత్తి క్రిందికి దిగును. చిగురు వాచును, నెత్తురు వచ్చును, పంటిని పట్టియుంచు ఎముక కరగును, తుదకు పన్ను కదలును. ఆ సూక్ష్మజీవుల పనివలననే కంపు పుట్టును. మూడేండ్లు దాటిన పిల్లులలో పెక్కింటికి ఈ రోగము ఎంతో కొంత యుండునని పశువైద్యులు చెప్పుదురు.

మనవలె పిల్లులకు పుచ్చుపండ్లు రావు. వచ్చినను మిక్కిలి యరుదు. వానికి వేఱొక చిత్రమైన వ్యాధి గలదు. శరీరమే తన పంటిని తాను కరగించుకొనును. కారణ మింకను పూర్తిగా తేలలేదు. పంటి మొదట చిన్న గుంట పడి, చిగురు ఆ గుంటలోనికి ప్రాకును. ఇది మిక్కిలి నొప్పించునది. పన్ను పైకి బాగుగ కనబడుచునే లోపల వేరు కరగిపోవుటయు గలదు; అందుచేతనే ఎక్సురే తీయవలసి వచ్చును. మఱికొన్ని పిల్లులకు నోరంతయు పూసి, గొంతుదాక ఎఱ్ఱని పుండగును. ఇట్టివానిలో దౌడపండ్లన్నియు తీసివేయుటే పెక్కింటికి హితమైన చికిత్స. కూనలకు నాలుకపై పుండ్లు, తుమ్ములు, జ్వరము వచ్చినచో అది అంటు జలుబు కావచ్చును. దానికి ముందుగా వేయించుకొను టీకాలు గలవు.

కంపు అన్నివేళల పండ్లనుండియే వచ్చునని తలంపరాదు. కుళ్ళిన మాంసపు కంపైనచో ప్రాయికముగా పండ్లు, చిగుళ్ళు కారణము. ముసలిపిల్లి నీరు పదే పదే త్రాగుచు, చిక్కిపోవుచు, నోట మూత్రపు ఘాటు వచ్చుచుండినచో మూత్రపిండములను చూపింపవలయును. మిగులబండిన పండువలె తియ్యని వాసన వచ్చినచో మధుమేహము కావచ్చును. ఇది వెంటనే చూపవలసిన సంగతి. నిన్నటివఱకు బాగుగ నున్న పిల్లికి ఉన్నట్టుండి కంపును, సొంగయు మొదలైనచో నోట ఏదో చిక్కుకొన్నదేమో యని యనుమానింపవలయును. చేపముల్లు అంగిటికి అడ్డముగా చిక్కుకొనుట గలదు. మఱియు మన స్త్రీలు ముఖ్యముగా గమనింపవలసినది దారము. కుట్టుదారమును సూదితో కూడ మ్రింగు పిల్లులు గలవు. పూలమాల కట్టిన దారమును ఆటకు లాగికొని మ్రింగునవి గలవు. దారము నాలుక మొదట చుట్టుకొని, తక్కిన కొస ప్రేవులలోనికి దిగును. కనబడిన కొసను పట్టి లాగినచో ప్రేవులు కోసికొనిపోవును. లాగక, వైద్యుని యొద్దకు కొనిపోవలయును. పూలు కట్టిన పిమ్మట దారపు తునకలను చెత్తబుట్టలో వేసి మూయుట మంచిది.

పిల్లి తన నొప్పిని చెప్పదు. కుక్క కుంటుచు వచ్చి మన కాళ్ళ దగ్గఱ ఏడ్చును. పిల్లి మూల చేరి దాచుకొనును. కావున మనము చిన్న గుఱుతులను చూడవలయును. ఒక ప్రక్కనే నములుట, ముద్ద జాఱవిడుచుట, ఆకలితో వచ్చి తినక మరలుట, గట్టిది మాని మెత్తనిదే కోరుట, సొంగ కారుట, ముంగాలితో మూతిని రుద్దుకొనుట, తన్ను తాను నాకుకొనుట మానుట, తల నిమురబోయిన కసరుట. వీనిలో రెండు మూడు కూడి, కంపును ఉన్నచో ఆలస్యము చేయరాదు.

పిల్లి మెడలో గంట కట్టువా రెవరను సామెత మనకు గలదు. పిల్లి నోరు తెఱచువా రెవరని మీరడుగుదురు. నోరు తెఱవ నక్కఱలేదు. ఎండ వెలుతురున, పిల్లి నిద్రమత్తులో నున్నప్పుడు, ఒడిలో వీపు మనవైపు ఉండునట్లు కూర్చుండబెట్టుకొని, తలను పైనుండి మెల్లగా పట్టి, బొటనవ్రేలితో పెదవి మూలను పైకెత్తినచో చాలును. పై దౌడపండ్లు కనబడును. ఆరోగ్యమైన చిగురు లేత గులాబీవన్నె. కొన్ని పిల్లులకు పుట్టుకతోనే నల్లమచ్చ లుండును, దానికి భయపడ నక్కఱలేదు. పంటి మొదట ఎఱ్ఱని గీత కనబడినచో రోగము మొదలైనదని యర్థము. నెల కొకమాఱు, పున్నమినాడో అమావాస్యనాడో గుఱుతు పెట్టుకొని, ఇట్లు చూచుట అలవాటు చేసికొనవలయును.

ఇచ్చట నొక హెచ్చరిక. పిల్లి యున్నట్టుండి స్వభావము మాఱి, కారణము లేక మీదపడుచు, గొంతు మాఱి, మ్రింగలేక సొంగ కార్చుచున్నచో దాని నోటి దగ్గఱకు చేయి పోనీయకుడు. అది రేబీసు కావచ్చును. అడవి యంచున నుండు మనకు నక్కలు, ఊరకుక్కలు తిరుగుటచే ఈ భయము హెచ్చు. ఏ పిల్లి కఱచినను, గోరు గీచినను, గాయమును సబ్బుతో, పాఱు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రభుత్వాసుపత్రికి పోయి టీకా విషయ మడుగవలయును. పసుపు, కారము, సున్నము పెట్టి కట్టి యూరకుండుట ప్రాణాపాయము.

ఇక చేయరానివి. ఇది యీ వ్యాసమునందు ముఖ్యభాగము. తక్కినది మఱచినను దీనిని మఱవకుడు. మన పంటినొప్పికి పనిచేయు మందులు పిల్లికి మృత్యువులు. మన యింటింట నుండు పారాసిటమాల్ మాత్ర మొట్టమొదటిది. మన కాలేయము ఆ మందును మార్చి బయటికి పంపగలదు. పిల్లి కాలేయమున కా శక్తి కడుంగడు తక్కువ. 500 మిల్లీగ్రాముల మాత్ర యొక్కటి పిల్లి ప్రాణము తీయుటకు చాలును. చిగుళ్ళు గులాబీవన్నె పోయి బురదవన్నెకు తిరుగును, ముఖము, పాదములు వాచును, ఊపిరి యందదు. మా పొరుగింటి వదినగారు తమ పిల్లికి నొప్పి పోవునని దయతో సగము మాత్ర పాలలో కలిపి పోసిరి. మఱునాటికి అది లేదు. ఆమె నేటికిని ఆ మాట తలచి కంట నీరు పెట్టుకొందురు. పొరబాటున వేసినచో క్షణమైన ఆగక వైద్యుని యొద్దకు పరుగెత్తవలయును. విఱుగుడు మందు గలదు గాని వేళ మించిన పనిచేయదు. మనము వాడు తక్కిన నొప్పిమాత్రలును ఇట్టివే.

లవంగనూనెయు ఈ జాతిలోనిదే. అందలి ఘాటైన పదార్థమును పిల్లి కాలేయము విఱువజాలదు. వెల్లుల్లి నూఱి పంటికి రాయుట, ఉల్లిరసము పోయుట తగదు; ఇవి పిల్లి నెత్తురులోని ఎఱ్ఱకణములను చెఱచును. మన టూత్‌పేస్టు పిల్లికి పనికిరాదు. మనము ఉమిసివేయుదుము, అది మ్రింగును. పిన్నీసుతోను గోటితోను గార పెకలించుట కూడదు. పైగార పోయినను చిగురు క్రిందిది పోదు, పైగా గాయమగును. మత్తు లేకుండ మెలకువలో గార గీచుటయు ఇట్టిదే యని పశుదంతవైద్యు లందురు. మత్తనిన మన కందఱకు భయమే. వైద్యుడు ముందుగా నెత్తురు, గుండె పరీక్షించి ఇచ్చినచో ఆ భయము చాలవఱకు తీఱును.

చేయదగినవి కొన్ని గలవు. నోరు నొప్పిలేని పిల్లికి, మేలుగా కూననాటినుండియే, పండ్లు తోముట నేర్పవచ్చును. మొదటి వారము పెదవిమీద వ్రేలు పెట్టి తీయుట మాత్రమే. రెండవ వారము ఉప్పు, ఉల్లి లేని మాంసపు ఉడుకునీటిలో తడిపిన మెత్తని గుడ్డ వ్రేలికి చుట్టి పైపండ్ల వెలుపలి ప్రక్కను రుద్దుట. అలవాటైన పిదప పసిపిల్లల మెత్తని బ్రష్షుతో, పిల్లులకై చేసిన పేస్టుతో, ప్రక్క కొక అరనిమిషము. లోపలి ప్రక్క తోమ నక్కఱలేదు. దాని నాలుకయే గఱకైన ఆకురాయివంటిది. దినమున కొకమాఱు మేలు. ఒకనాడు తోమి పదిదినములు విడిచిన ఫలము లేదు, ఆ లోపల పాచి రాయి యగును గదా! పిల్లి పెనుగులాడినచో ఆనాటికి విడువుడు. బలవంతము చేసినచో మఱునాడు మిమ్ము చూచి పాఱును. చిగురు ఇదివఱకే పూసి యున్నచో తోమరాదు. ముందు చికిత్స, పిదప తోముట.

తిండి విషయమున నొక మాట. మాంసము వండని మా వంటి యిండ్లలో పిల్లికి పెరుగన్నము పెట్టి తృప్తిపడుదుము. పిల్లి పుట్టుకచేత మాంసాహారి. మాంసమున నుండు టారిన్ అను పదార్థము లేనిచో దాని కన్నులు చెడును, గుండె పెద్దదై బలహీనమగును. ఆ గుండెజబ్బు దీనివలన వచ్చునని 1987లో అమెరికా పశువైద్యులు కనుగొనిరి. ఎలుకలను పట్టుకొను పిల్లికి అది దొరకును. నోరు చెడి పట్టలేని పిల్లికి మన పెరుగన్నమే దిక్కు. కావున మేమిప్పుడు పిల్లులకై అమ్ము తిండి కొంత తెప్పించి, పొరుగువారి యింటినుండి ముల్లు తీసిన చేపను అడిగి పెట్టుచున్నాము. ఉడికిన కోడియెముకలు, చేపముండ్లు వేయుట మాన్పించితిమి. అవి విఱిగి నోట గ్రుచ్చుకొనును.

పంటినొప్పి చిన్నసంగతి యనువారికి మా ప్రాంతమునకు తగిన యొక సంగతి చెప్పెదము. పాల్వంచ దగ్గఱి కిన్నెరసాని యభయారణ్యము మాకు దూరము కాదు. పెద్దపులి పేరు విన్నంతనే మా యూళ్ళలో మేకలను లోపల కట్టుదురు. ఆ పులియు గౌరి కులమునదే. కుమావూను కొండలలో వందలకొలది మనుష్యులను చంపిన చంపావతు ఆడుపులిని 1907లో జిమ్ కార్బెట్ చంపెను. దాని కుడిప్రక్క పైకోఱ సగమునకును, క్రిందికోఱ ఎముకవఱకును విఱిగి యుండెననియు, పాత తుపాకిదెబ్బచే ఆ కోఱలు పోయి, సహజమైన వేట చేయలేక అది మనుష్యుల మీదికి వచ్చెననియు ఆయన 1944లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. 1898లో ఆఫ్రికాలోని సావో యొద్ద, రైలుదారి వేయబోయిన మన దేశపు కూలీలను పొట్టనబెట్టుకొన్న రెండు సింహములలో ఒకదాని క్రిందికోఱ వేరున చీము పట్టిన గుఱుతులు నేటికిని చికాగో ప్రదర్శనశాలలోని పుఱ్ఱెయందు గలవు. అంతటి మృగరాజును పంటినొప్పి అంత చేసినచో, నూతిగట్టుమీది బక్కపిల్లి బాధ యెంతటిదో యూహింపుడు.

అందఱును పట్టణమునకు పోలేకపోవచ్చును. పోవుటకు వ్యయమగును, పొలముపని విడిచి పోవలయును. అట్టివారు చేయగలవియు గలవు. మేకను పశువుల ఆసుపత్రికి కొనిపోవునాడు పిల్లినిగూడ బుట్టలో పెట్టుకొని పొండు. పిల్లికి తగిన నొప్పిమందు, చీముకు మందు వారు వ్రాయగలరు. తిండిని గోరువెచ్చగా, మెత్తగా చేసి పెట్టుడు. చల్లని రాత్రుల దానిని లోపల పడుకొననీయుడు. మన మందు లేవియు వేయకుడు. ఇంతమాత్రమున రోగము పోదు గాని బాధ తగ్గును, ప్రాణము నిలుచును.

లేఖ వ్రాసిన సోదరికి మా మనవి యిది. మీవారితో మెల్లగా చెప్పుడు: నోరు చెడిన పిల్లిని గోదావరి యవతల విడుచుట యనగా ఆకలికి విడుచుటయే. అది ఎలుకను కఱువలేదు, ముద్దను మ్రింగలేదు. మీ రీ ఆదివారము ఎండవేళ దాని పెదవి యెత్తి చూచి, చిగురు వన్నె, గార జాడ, అది తిను తీరు మాకు వ్రాయుడు. మీ పిల్లల నడుగుడు. పెద్దలకు తెలియనిది వారికి తెలిసియుండును. మా గౌరి తొమ్మిదేండ్లది. ఈ వాక్యములు వ్రాయుచుండగా కాగితముల మీదికి వచ్చి కూర్చుండి యావులించినది. మా అత్తగారు దాని నోటిని వాసన చూచి, "ఇప్పుడును మల్లెపూవు కాదు గాని కంపు మాత్రము లేదు" అనిరి.

వచ్చు మాసమున వేసవిలో కోళ్ళకు వచ్చు తెగుళ్ళను గూర్చి వ్రాసెదము.